నూనెతొట్టిని తీసిన తరువాత

ఇంటికి నీరు తెచ్చునది స్త్రీ. చేదబావుల కాలమునను, బోరుబావుల కాలమునను, గొట్టపునీరు వచ్చిన యీ కాలమునను ఈ మాట పెద్దగా మారలేదు. నీటి రుచి మారినను, పప్పు ఉడుకకపోయినను, బిందె యడుగున మడ్డి కట్టినను మొదట కనిపెట్టునది వంటయింటిలోని యామెయే. కావున ఇంజనీర్లును బంకు యజమానులును చూచుకొందురని మనము సామాన్యముగా విడిచిపెట్టు నొక విషయమును నేడు సోదరీమణుల యెదుట నుంచుచున్నాను. భూమిలో పాతిన పాత పెట్రోలు తొట్లను త్రవ్వి తీసివేసిన పిమ్మట, ఆ మట్టిలోను రాతిలోను మిగిలిపోవు నూనె సంగతి యది. తొట్టి పోయినది గనుక పీడ వదలినదని తలచుట సహజము. కాని అది యున్నన్నాళ్లు దానినుండి కారిన నూనె మాత్రము దానితో కూడ బండి యెక్కి పోదు.

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు 2016 అక్టోబరులో విడిపోయి ఇప్పుడు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల మొదలగు పేర్లతోను నున్నవి. 2019 లో నారాయణపేట వేరైనది. పేర్లెన్ని యైనను నేల యొకటే, దారులును అవియే. హైదరాబాదునుండి బెజవాడకు పోవు పెద్దదారి చౌటుప్పలు, నార్కటుపల్లి, నకిరేకల్లు, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. కర్నూలు దారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరులను దాటి కృష్ణను చేరును. 1932 జూనులో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిన నాటినుండి ఈ సీమలో మోటారు బండ్లు పెరుగుచు వచ్చినవి. బండ్లతో పెట్రోలు, పెట్రోలుతో దానిని దాచు ఇనుపతొట్లు వచ్చినవి. నిప్పు భయముచేత తొట్టిని భూమిలో పాతుట నియమమైనది. అది మంచి నియమమే. కాని కంటికి కనబడని వస్తువు మనస్సునకును కనబడకుండ పోవును. తరువాత దారులు వెడల్పైనవి. ఇట్టి సమయములలో పాత బంకులు కొన్ని వెనుకకు జరుగును, కొన్ని మూతబడును. ఆ స్థలములలో దుకాణమో, పెండ్లిమంటపమో, ఇల్లో లేచును. పైన బండలు పరచిన పిదప క్రింద నేమి యుండెనో యెవరు జ్ఞాపకముంచుకొందురు? బంకులనే యననేల? బస్సు డిపోలలోను, కర్మాగారములలోను, జనరేటరు పెట్టుకొన్న పెద్ద భవనములలోను డీజిలు తొట్లు పాతిపెట్టుట కలదు.

ఇనుము తడిమట్టిలో తుప్పుపట్టునని వేరుగ చెప్పనక్కరలేదు; మన రోలు ప్రక్కనున్న పాత బొక్కెనయే చెప్పును. పాతిన తొట్టి వెలుపలనుండి మట్టి తడిచేతను, లోపలనుండి అడుగున దిగిన నీటిచేతను తినబడును. తొట్టికంటెను దానికి తగిలించిన గొట్టముల యతుకులు ముందుగా సడలుట కూడ తరచు. అందు పెద్ద రంధ్రమే పడవలెనని లేదు. క్షణమునకొక చుక్క చొప్పున కారినదనుకొందము. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. దినమునకు 86,400 క్షణములు. అనగా దినమునకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా భూమిలోనికి పోవును. వేల లీటర్లు వచ్చుచు పోవుచునుండు బంకులో దినమునకు 4 లీటర్ల తరుగు ఎవరి లెక్కకు నందును? ఎండకు ఆవిరియైనదని సరిపెట్టుకొందురు.

ఇక ఆ చుక్కలోనున్న విషమును చూతము. పెట్రోలు ఒక్క వస్తువు కాదు. పెక్కు తైలముల కలయిక. అందు బెంజీను అనునది మిక్కిలి చెడ్డది. అది ఎముకల మూలుగలో రక్తము తయారగు పనిని పాడుచేయును. రక్తపు క్యాన్సరునకు కారణమగునని వైద్యశాస్త్రము నిశ్చయించినది. త్రాగునీటిలో లీటరునకు గ్రాములో లక్షవ వంతుకంటె నెక్కువ బెంజీను ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి హద్దు. ఇప్పటి మన పెట్రోలులో నూటికి ఒక పాలుకంటె నెక్కువ బెంజీను ఉండరాదని నియమము గలదు. పూర్వము ఇంతకంటె నెక్కువ యుండెడిది. ఆ ఒక్క పాలునే లెక్కించిన, లీటరు పెట్రోలులో 8 గ్రాములకు పైగా బెంజీను తేలును. అది యంతయు నీటిలో కలిసినచో 8 లక్షల లీటర్ల నీరు ఆ హద్దునకు చేరును. ఒక్క లీటరు సంగతి యిది. 2000 ఫిబ్రవరికి ముందు దేశమున సీసము కలిపిన పెట్రోలు కూడ అమ్ముడుపోయినది. కావున అంతకు పూర్వపు తొట్టి యున్న చోట మట్టిలో సీసమును గూడ పరీక్షింపవలసి యుండును. సీసము పిల్లల బుద్ధిని మందగింపజేయును.

మన నేల స్వభావము దీనికి తోడైనది. కృష్ణా డెల్టాలోవలె ఇచట లోతైన ఒండ్రుమట్టి లేదు. పైన కొలదిపాటి ఎఱ్ఱమట్టి, దానిక్రింద మొరము, ఆపైన నెఱ్ఱెలు బారిన బండ, మరి క్రిందికి పోయిన గట్టిరాయి. నీరు మొరములోను, బండ నెఱ్ఱెలలోను మాత్రమే నిలుచును. ఇసుకనేలలో నూనె యేవైపు పోవునో కొంతవరకు ముందుగా చెప్పవచ్చును. 1995 లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఇట్టి స్థలములను పెక్కింటిని పరిశీలించి, నీటిలో కరిగిన బెంజీను జాడ నూటికి 90 చోట్ల సుమారు 250 అడుగులకు మించి సాగలేదని కనుగొన్నారు. మట్టిలోని సూక్ష్మజీవులు దారిలోనే దానిని తినివేయుచున్నవట. ఇది ధైర్యము గొలుపు మాటయే, కాని ఆ లెక్క మన బండకు అట్లే అన్వయింపరాదు. పగులు ఎటు పోయిన నూనె యటు పోవును. బంకు ప్రక్కనున్న బావి బాగుండి, నాలుగిండ్ల కవతలి బోరు చెడవచ్చును. బోరు వేయువారు మొరమునుండి గట్టిరాతివఱకు రంధ్రము చేయుదురు గదా. పై గొట్టమును సరిగా దింపి చుట్టును మూయనిచో, పైపొరలోని నూనెను క్రింది నీటికి దింపు దారిని మన డబ్బుతో మనమే వేసికొన్నట్లగును.

మరియొక చిత్రము గలదు. నూనె నీటికంటె తేలిక. కావున భూగర్భజలముపై మీగడవలె తేలును. వేసవిలో నీటిమట్టము దిగిపోయినపుడు నూనెయు దానితో దిగి, దారిలోని మొరమునకు పూతవలె పట్టుకొనును. వానలు కురిసి నీరు పైకి వచ్చినపుడు ఆ పూత మరల నీటిలో మునిగి, కొంచెము కొంచెముగా కరగును. మన సీమలో ఎండకాలపు మట్టమునకును వానల తరువాతి మట్టమునకును గల యంతరము తక్కువ కాదు. అందుచేత చైత్రములో వాసన లేని బావి భాద్రపదములో వాసన కొట్టవచ్చును. “పోయిన నెలలో చూపించితిమి, ఏమియు లేదన్నారు” అని యూరకుండరాదు. తొట్టిని తీసి పదేండ్లైనను ఈ యెక్కుడు దిగుడు సాగుచునే యుండవచ్చును.

తొట్టిని తీయునాడు చేయవలసిన పనులను చెప్పెదను; ఆ పని మన చేతిది కాకున్నను, ప్రక్కనుండి చూచువారికి తెలిసియుండుట మేలు. ముందుగా మిగిలిన నూనెను తోడి, తొట్టిలోని ఆవిరిని పూర్తిగా తొలగింపవలెను. ఉత్త తొట్టి నిండుతొట్టికంటె ప్రమాదకరము. ద్రవము మండుటకంటె గాలితో కలిసిన యావిరి ప్రేలుట సులభము. పేలుడు పదార్థముల శాఖవారి అనుమతి ప్రకారము, ఆవిరి లేదని పరీక్షించిన మీదటనే మనిషి దిగుటయు, ఇనుము కోయుటయు జరుగవలెను. తొట్టిని పైకెత్తిన పిమ్మట అసలు పని యారంభమగును. గోతి యడుగుననుండి, నాలుగు ప్రక్కలనుండి, గొట్టములు పోయిన దారిపొడవున, పంపులు నిలిచిన చోటులనుండి మట్టి తీసి పరీక్షకు పంపవలెను. ఎఱ్ఱమట్టి యుండవలసిన చోట నలుపో బూడిదపచ్చయో యైన మట్టి, దగ్గరకు పోగానే తల తిప్పు వాసన, గోతిలో నిలిచిన నీటిపై రంగురంగుల పొర యున్నచో నూనె కారినదని తెలిసికొనవలెను. పరీక్ష ఫలితము రాకముందే గోతిని పూడ్చినచో ఆ ప్రశ్నకు జవాబు మట్టిక్రిందనే యుండిపోవును.

ఈ త్రవ్వకపు పని చేయువారెవరు? పాలమూరు కూలీలను పేరు దేశమందంతట తెలిసినదే. ఆనకట్టలకు, కాలువలకు, దారులకు, నగరపు మేడల పునాదులకు మట్టి మోసిన చేతులు అవి. అందు సగము స్త్రీల చేతులు. తట్ట నెత్తిన పెట్టుకొన్న తల్లికి ఆ తట్టలోని మట్టి యేపాటిదో ఎవరును చెప్పరు. నూనె తడిసిన మట్టి చర్మమునకు దద్దురులు తెచ్చును; దాని యావిరి తలనొప్పి, వికారము, మైకము కలిగించును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆ గోతి దరికి పోరాదు. చంటిబిడ్డ ఊయలను ఆ మట్టికుప్ప నీడను కట్టుట యెంతటి యపాయమో! చేతికి తొడుగులు, కాలికి బూట్లు, భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొను నీరు, పని విడిచినప్పుడు మార్చుకొను బట్ట — ఇవి గుత్తేదారు ఇచ్చి తీరవలసినవి. ఆ బట్టలను ఇంటిలోని తక్కిన బట్టలతో కలిపి ఉతుకరాదు.

తవ్విన మట్టి సంగతి మరచిపోరాదు. మనవైపు మొరమునకు గిరాకి యెక్కువ. ఎక్కడ గొయ్యి తవ్వినను ట్రాక్టరు వచ్చి నిలుచును. ఊరకే వచ్చిన మట్టిని ఇంటి పునాదిలో నింపుదురు, పెరటి గుంతలో పోయుదురు, కూరగాయల మడికి వేయుదురు. నూనెమట్టి యట్లు పంచబడినచో ఒకచోటి జబ్బు పదియిండ్లకు ప్రాకును. ఆ పదియిండ్లవారికి బంకు ఎక్కడ నుండెనో కూడ తెలియదు. అట్లే పాత తొట్టిని కడిగి నీళ్ల తొట్టిగా వాడుకొనుట, డీజిలు పీపాలలో నీరు నింపుట ఎంత మాత్రము తగదు. నీటి యెద్దడి గల పాలమూరులో ఉత్త పీపా కనబడిన ఆశ పుట్టుట నే నెరుగుదును. సబ్బుతో ఎన్నిమార్లు కడిగినను ఇనుపతుప్పులో దాగిన నూనె వదలదు. అట్టి నీరు పశువులకు పెట్టుటయు మంచిది కాదు.

ఇంటిలో దీనిని కనిపెట్టుట ఎట్లు? వాసన మొదటి గుర్తు. తెల్లవారుజామున తోడిన మొదటి బిందె, మూతపెట్టి రాత్రియంతయు నుంచిన గోలెము, స్నానమునకు కాచిన వేడినీరు, ఈ మూటిలో వాసన బాగుగ తెలియును. గ్యాసునూనె వాసన మనకెల్లరకు తెలిసినదే. పెట్రోలుది దానికంటె తీపిగా, ఘాటుగా నుండును. రెండవ గుర్తు నీటిపై ఇంద్రధనుస్సువంటి పొర. అయితే ఇనుము గల నీటిపై కూడ అట్టి పొర కట్టును. అది సూక్ష్మజీవుల వలన వచ్చునది. ఒక పుల్లతో కదలించి చూడుడు. పెంకువలె ముక్కలై విడిపోయి యట్లే నిలిచినచో అది ఇనుపపొర. సుడి తిరిగి మరల కలిసికొనిన నూనెపొర. ఇది ఇంటి పరీక్షయే గాని చివరి తీర్పు కాదు. ఏలయనగా వాసన లేనంత మాత్రమున భయము లేదనుకొనుటకు వీలు లేదు. నీటిలోని బెంజీను వాసనగా ముక్కునకు తెలియునప్పటికి అది పైన చెప్పిన హద్దునకు వేయి రెట్లుండును. పెట్రోలులోని యితర తైలములు కొంత ముందుగా వాసన నిచ్చుట మన యదృష్టము.

వాసన వచ్చినప్పుడు మనవారు చేయు ఉపచారములలో పెక్కు పనికిరానివి. కాచి త్రాగుట మొదటిది. కలరాకు, విరేచనములకు కాచిన నీరు దివ్యౌషధమే. కాని బెంజీను 80 డిగ్రీల వేడికే ఆవిరియై వంటయింటి గాలిలో నిండును. పొయ్యి దగ్గర నిలిచిన మనము పీల్చుదుము. పటిక వేయుట రెండవది. నల్లగొండవారికి పటికపై నమ్మకముండుట న్యాయమే. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తీయు విధానమును నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థవారు కనిపెట్టి దానికి మన నల్లగొండ పేరే పెట్టిరి. వంగిన వెన్నులతో, గారపట్టిన పండ్లతో ఆ జిల్లా పడిన బాధకు పుట్టిన విద్య యది. కాని ఆ పటిక పెట్రోలును తీయలేదు. ఇంటిగోడకు తగిలించు జల్లెడ యంత్రములను గూడ దీనికై నమ్మరాదు. పొడిబొగ్గు నూనెను పట్టుకొనును, నిజమే. అది నిండిన తరువాత పట్టుటమాని, ఆ సంగతి మనకు చెప్పదు. వాసన తెలిసిన నాడే ఆ నీటిని త్రాగుటకును, వంటకును, పిల్లల స్నానమునకును మానవలెను. వేడినీటి స్నానములో గది ఆవిరితో నిండును గనుక ఆ మాట చెప్పుచున్నాను.

కృష్ణనీరు గొట్టములలో ఇంటింటికి వచ్చుచున్నది గదా, బావి చెడిన మాకేమి యందురేమో. నిజముగా అది గొప్ప మేలు. కాని గొట్టము ప్లాస్టికుదై, నూనె తడిసిన మట్టిగుండా పోయినచో, పెట్రోలు ఆ ప్లాస్టికును నానబెట్టి లోపలి నీటిలోనికి ఊరగలదు. అట్టి చోట ఇనుపగొట్టమును వేయుటయో, దారి మార్చుటయో చేయవలెను. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీరు ఉదయము వాసన కొట్టి, కొంతసేపు పారిన తరువాత వాసన పోయినచో ఈ యనుమానము పడదగును.

ఇచట ఒక్క మాట నొక్కి చెప్పవలెను. ప్రాణములతో కూడిన మాట యిది. పూడిక తీయుటకు బావిలో దిగుటకు ముందు వెలిగించిన లాంతరును త్రాటితో దింపి చూచుట మన పెద్దల యలవాటు. దీపమారినచో లోపల చెడుగాలి యున్నదని దిగరు. ఎందరి ప్రాణములనో కాపాడిన తెలివి యది. కాని నూనెవాసన గల బావిలో దీపము దింపితిరా, బావియే మండును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. బావి యడుగున, ఇంటి నేలమాళిగలో, నీటి సంపులో పేరుకొని యుండును. అట్టి చోట అగ్గిపుల్ల గీయరాదు, బీడి వెలిగింపరాదు, విద్యుత్తు మోటారు మీట నొక్కరాదు, లోపలికి మనిషిని దింపరాదు. ఒకడు దిగి పడిపోయిన, వానిని తీయుటకు రెండవవాడు, మూడవవాడు దిగి పడిపోవుటయే ఇట్టి యనర్థముల క్రమము. మూత తెరచి, జనమును దూరముగా నిలిపి, అగ్నిమాపక దళమును పిలువవలెను.

నూనె ఇండ్ల నీటిలోనికి వచ్చుట వట్టి యూహ కాదు. మదరాసు నగరపు ఉత్తరభాగమున, తెలుగు కుటుంబములు పెక్కు గల తండయారుపేటలో, 2013 లో బోరునీటితో పాటు నూనె రాసాగెను. రేవునుండి నూనె నిలువలకు పోవు భూగర్భ గొట్టము కారుటయే దానికి కారణము. గొట్టము మార్చినంతనే పని తీరలేదు. భూమిలో చేరిన నూనెను తోడుటయు, హరిత న్యాయస్థానపు విచారణయు ఏండ్ల తరబడి సాగినవి. ఆ వీధులలోని స్త్రీలు ఇంటి ముంగిట బోరుండియు లారీనీటికై బిందెలు వరుసబెట్టవలసి వచ్చినది.

మన పిల్లలు కాపురమున్న అమెరికాలో ఈ చిక్కు మరింత పాతది. అచట బంకుల క్రింది తొట్లనుండి కారినట్లు లెక్కకు వచ్చిన చోట్లే 5 లక్షలకు పైగా నున్నవి. 1984 లో వారి పార్లమెంటు దీనికై ప్రత్యేకముగా చట్టము చేసినది. మన తెలుగువారు విశేషముగా నున్న న్యూజెర్సీలో పాత యిండ్లకు చలికాలమున వెచ్చదనమునకై వాడు నూనెతొట్టిని పెరటిలో పాతుట వాడుక. సుమారు 2,000 లీటర్లు పట్టునది తరచుగా కనబడును. తరువాత గ్యాసు వచ్చి తొట్టిని మరచిపోయిరి. ఇల్లు కొనువారు ముందుగా లోహమును కనిపెట్టు పనిముట్లతో పెరడంతయు వెదకింతురు. తొట్టి దొరకినచో అమ్మువాడు తీయించి, మట్టి చెడియున్న శుభ్రము చేయించి, ఇక చేయవలసిన పని లేదని ప్రభుత్వ శాఖవారిచే పత్రము పొందును. ఆ పత్రము లేని యింటిని కొన్నచో శుద్ధి వ్యయమంతయు కొన్నవాని నెత్తిపై బడును. పొదుపు చేసికొన్న సొమ్ము మట్టి మోయించుటకే చాలకపోవుట కలదు. అక్కడ ఇల్లు చూచుచున్న కొడుకునకో కూతురునకో ఉత్తరము వ్రాయు తల్లులు వంటగది యెంత యున్నదని యడుగుటతో పాటు తొట్టి పత్రమును గూర్చియు నడుగుదురుగాక.

చెడిన మట్టిని బాగుచేయు మార్గములు లేకపోలేదు. మిక్కిలి చెడినదానిని తవ్వి, అనుమతి గల చోటికి తరలించుట మొదటిది. నీటిపై తేలు నూనెను బావులలోనుండి తోడుట, మట్టిలోని యావిరిని గొట్టములతో పీల్చి బొగ్గుగుండా పోనిచ్చుట, క్రిందికి గాలి నూది సూక్ష్మజీవులకు ప్రాణవాయువు నిచ్చుట మొదలగునవి తరువాతివి. సూక్ష్మజీవుల పని మనకు పరిచయమైనదే. పెంటకుప్ప ఎరువగుట వానివలననే గదా. నూనెమట్టిని పలుచగా పరచి, తడిపి, ఎరువు కలిపి, మాటిమాటికి తిరుగవేసినచో అవి తైలమును తిని పెరుగును. అందులకు తగిన జీవుల సమూహమును ఢిల్లీలోని టెరి సంస్థవారు ఆయిలు జాపరు అను పేర తయారుచేసి, మన నూనెశుద్ధి కర్మాగారముల మడ్డిపై వాడిరి. డీజిలు మట్టికి నెలలు పట్టును. నల్లని మడ్డికి మరింత కాలము. పెట్రోలు మట్టిని మాత్రము ఇండ్ల మధ్య ఆరబోయరాదు, దాని యావిరి గాలికెక్కును. ఇప్పుడు పెట్రోలులో నూటికి 20 పాళ్ల సారాయిద్రవము కలుపుచున్నారు. జీవులు ముందుగా దానినే తిని ప్రాణవాయువును ఖర్చు చేయుటచే బెంజీను మరికొంత కాలము మిగులునని శాస్త్రజ్ఞులందురు. జీవులకును తీపి ముందు గావలెను కాబోలు!

చట్టము విషయమున మన దేశము ఆలస్యముగానైనను కదలినది. కలుషిత స్థలముల నిర్వహణకై కేంద్రప్రభుత్వము 2025 జూలైలో నియమములను ప్రకటించినది. అనుమానము గల స్థలములను జిల్లా యధికారులు గుర్తించి తెలుపుట, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివారు పరీక్షించుట, చెడగొట్టినవానిచేతనే వ్యయము పెట్టించుట వానిలోని ముఖ్యాంశములు. నియమము కాగితముపై నుండును. దానిని కదలించునది దరఖాస్తు. వాసన వచ్చు బావి సంగతి గ్రామపంచాయతికిగాని పురపాలక సంఘమునకుగాని వ్రాసి, కలెక్టరునకును మండలికిని నకలు పంపి, అందినట్లు ముద్ర వేయించుకొని దాచుడు. నోటిమాటకు తేదీ యుండదు.

దారిప్రక్క స్థలము కొనుచున్న కుటుంబములలో యిల్లాలికి ఒకటి రెండు ప్రశ్నలడుగు హక్కు కలదు. ఇచట నింతకుముందు బంకుగాని, మోటారు షెడ్డుగాని యుండెనా? ఉండినచో తొట్టిని తీసినారా, లేక ఇసుక నింపి అచటనే విడిచినారా? తీసిననాటి మట్టి పరీక్ష కాగితము చూపగలరా? దస్తావేజులో ఈ మాట యుండదు. ఊరి ముసలివారి జ్ఞాపకములో నుండును. ఎదురింటి అవ్వ నడిగిన, ఏ వేపచెట్టు క్రింద పంపు నిలిచెనో చెప్పగలదు. ఏజెంటుకంటె ఆమె మాట నేను నమ్ముదును.

నీటిని పరీక్షకు పంపుటలో గూడ మెలకువ గావలెను. ఫ్లోరైడు, ఉప్పు, నైట్రేటులను చూచు సాధారణ పరీక్షలో బెంజీను చూడరు. “పెట్రోలు సంబంధమైన తైలములు, బెంజీను” అని ప్రత్యేకముగా వ్రాసి, ఆ సాధనములు గల ప్రయోగశాలకే పంపవలెను. ఊరగాయ సీసాగాని, చల్లపానీయపు ప్లాస్టికు సీసాగాని పనికిరాదు. ప్రయోగశాలవారిచ్చు చిన్న గాజుసీసానే తీసికొనవలెను. అందులో వారు వేసిన మందును పారబోయరాదు. నీటిని ఎత్తునుండి పోసిన బెంజీను గాలికి పోవును గనుక సీసాను వాల్చి మెల్లగా అంచువఱకు నింపి, మూత బిగించి తలక్రిందులు చేసి చూడవలెను. లోపల గాలిబుడగ కనబడినచో ఆ సీసాను విడిచి, మరియొక దానిలో పట్టవలెను. తరువాత మంచుగడ్డల మధ్య నుంచి, ఆలస్యము చేయక, పంపవలెను. వేసవిలో ఒకమారు, వానలు వెలసిన పిమ్మట ఒకమారు పట్టి, సీసాపై తేదీతో పాటు బావిలో నీరెన్ని మూరల లోతున నున్నదో కూడ వ్రాసియుంచుడు.